ఫోరెన్సిక్ అకౌంటింగ్ పీజీలో చేరే ముందు

ఫీజు కట్టే ముందు విశ్వవిద్యాలయం పేరు యూజీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. లెక్కల్లో మోసాలు పట్టే చదువు కోసం వెళ్లి మనమే మోసపోతే నవ్వులపాలే.

సీఎఫ్ఈ (సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్) డిగ్రీ కాదు, అమెరికాలోని ఏసీఎఫ్ఈ అనే మోసాల పరిశోధకుల సంఘం ఇచ్చే వృత్తి ధ్రువపత్రం. రెంటినీ ఒకే గాటన కట్టేవారి మాట నమ్మవద్దు.

పాఠ్యప్రణాళిక తెప్పించుకుని చదవండి. 2009లో బయటపడ్డ సత్యం కుంభకోణంలో, లేని వేల కోట్లు బ్యాంకుల్లో ఉన్నట్టు లెక్కల్లో చూపారు. కంపెనీ ఇచ్చిన కాగితాలతో సరిపెట్టుకోకుండా నిల్వను నేరుగా బ్యాంకు నుంచే నిర్ధారించుకోవడం నేర్పుతారా? భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు హ్యాష్ విలువతో (ఫైలు మారిందో లేదో తేల్చే అక్షరాలు, అంకెల గుర్తు) ధ్రువపత్రం జతచేయడం సాధన చేయిస్తారా? ఇవి లేకపోతే అది పేరు మార్చిన ఆడిట్ కోర్సే.

ఎక్సెల్ రాకపోతే ఈ లోపే నేర్చుకోండి.