ఊరి మెయిన్ బజారును బాగుచేసుకోవడం: కొలతల నుంచి నిధుల దాకా

మెయిన్ బజారు బాగుపడాలని కోరుకునేవారు అన్నిటికంటే ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. మన పురపాలక పట్టణాల్లో చాలాచోట్ల బజారు రోడ్డే పక్క ఊళ్లను కలిపే రహదారి కూడా కావడం వల్ల, అది మున్సిపాలిటీ అధీనంలో కాక రోడ్లు భవనాల శాఖ అధీనంలో ఉంటుంది. అప్పుడు కౌన్సిల్ ఎన్ని తీర్మానాలు చేసినా ఆ శాఖ అనుమతి లేకుండా గునపం దిగదు. అందువల్ల వర్తక సంఘంవారు గాని, వార్డు ప్రజలు గాని రోడ్డు ఎవరిది, మాస్టర్ ప్లాన్‌లో దాని వెడల్పు ఎంత అన్న సంగతులను టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయాలి; 30 రోజుల్లో సమాధానం రావాలి.

తరువాతి పని టేపు పట్టుకుని నడవడం. కాగితం మీది వెడల్పుకూ నేల మీద మిగిలిన వెడల్పుకూ తేడా ఎంతో ఇక్కడే బయటపడుతుంది. ప్రతి 50 అడుగులకూ రోడ్డు వెడల్పు, కాలువ లోతు, కరెంటు స్తంభాలు, చెట్లు, బండ్లు ఆపే చోట్లు, తోపుడు బళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా ప్రతి కొట్టు గడప ఎత్తు రాసుకోవాలి. సంత రోజు సాయంత్రం ఒకసారి, మామూలు రోజు ఉదయం ఒకసారి నడిచేవారిని లెక్కపెట్టాలి.

గడప ఎత్తు మీద ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. నేను పాల్గొన్న ఒక సర్వేలో ఒక దర్జీ కొట్టు ముందు ఆగాము. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన కొట్టు అది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో ఇప్పుడు లోపలికి ఒక మెట్టు దిగాలి. ఆయన గడప మీద ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, జానెడు గట్టు కట్టుకున్నాడు. మబ్బు పట్టగానే కుట్టు మిషను కాళ్ల కింద చెక్కలు పెట్టి, కింది అరలోని గుడ్డలు పై అరలోకి మారుస్తాడు. ఆ వీధిలో అలాంటి కొట్లు పదకొండు లెక్కకు వచ్చాయి. కాబట్టి ఎస్టిమేటులో పాత పొరను తవ్వి తీసే పని విడిగా కనిపించాలి. కొత్త రోడ్డు మట్టం వీధిలోని అన్నిటికంటే పల్లపు గడపకన్నా కిందే ఉండాలన్న షరతు డ్రాయింగులోనే రాయించాలి.

పనుల వరుస కింది నుంచి పైకి సాగాలి. మురుగు పైపులు, మంచినీటి పైపులు, కేబుళ్లకు ఖాళీ గొట్టాలు, ఆ పైన వాననీటి కాలువ, తరువాత ఫుట్‌పాత్, చివరికి రోడ్డు. ఈ వరుస తప్పితే వేసిన రోడ్డును ఆరు నెలల్లో మళ్లీ తవ్వుతారు. వాణిజ్య ప్రాంతాల్లో ఫుట్‌పాత్ మీద అడ్డం లేని నడక దారి కనీసం 2.5 మీటర్లు ఉండాలనీ, అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదనీ రోడ్ల ప్రమాణాలను రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంత చోటు లేదనిపిస్తే వెంటనే కొట్లు కూల్చే మాట ఎత్తడం సరికాదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుంచి ఫతేపురి దాకా సుమారు 1.3 కిలోమీటర్ల వీధిలో ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు వాహనాలను ఆపి, నడిచేవారికి చోటు చేశారు. మన పట్టణాల్లో అంత దూరం పోనక్కర లేదు. లారీ సరుకు రాత్రిపూటే దించాలన్న నియమం, ఒక వైపే రాకపోకలు చాలావరకు సరిపోతాయి. వెడల్పు చేయడం ఆఖరి మార్గం కావాలి.

తోపుడు బళ్లవారిని పక్కన పెట్టి గీసిన ప్రణాళిక నిలవదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారాల సంగతులు చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే అయి ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఎవరినైనా కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గుడి ముందు పూలమ్మే ఆమెను నాలుగు వీధుల అవతలి షెడ్డుకు పంపితే ఆమె బతుకుతెరువు పోతుంది, ఎందుకంటే పూలు కొనేవారు గుడికి వస్తారు గాని షెడ్డుకు వెళ్లరు.

ఇక నిధుల సంగతి. మొత్తం వీధికి ఒకే చోట డబ్బు దొరకడం అరుదు కాబట్టి, డ్రాయింగు ఒకటే ఉంచి ఎస్టిమేటును ముక్కలు చేయాలి. ఏ ముక్క ఏ పద్దులో ఇముడుతుందో చూసుకోవడంలోనే నేర్పంతా ఉంది. కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకు ముడిపెట్టింది. అలాంటి పద్దు కింద మంచినీటి పైపులైను, మరుగుదొడ్లు, ఇంకుడు గుంతలు అడగవచ్చు గాని వీధి దీపాలు రావు. తెలంగాణలో 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించమంటుంది; నీడనిచ్చే చెట్లు, వాటి కంచెలు అందులోంచి తీసుకోవాలి. పార్లమెంటు సభ్యునికి ఏటా ఉండే 5 కోట్ల రూపాయల స్థానిక అభివృద్ధి నిధి నుంచి బస్ షెల్టరు వంటి శాశ్వత ఆస్తిని కోరవచ్చు. దగ్గరలో పెద్ద కర్మాగారం ఉంటే, కంపెనీల చట్టం కింద లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయవలసిన కంపెనీల్లో అదీ ఒకటేమో విచారించాలి. స్తంభాల మార్పిడికి విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర ముందుగా సొమ్ము కట్టాలి. ఈ ఖర్చు మరిచిపోవడం వల్లే ఎన్నో కాలువలు స్తంభం దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

పనికి తీరికైన నెల బజారులో ఉండదు. సంక్రాంతి, పెళ్లిళ్ల మాఘం, వానల ఆషాఢం, దసరా, దీపావళి వరుసగా వస్తూనే ఉంటాయి. అందుకే వీధిని 100 మీటర్ల చొప్పున, ఒక్కొక్క పక్కనే తవ్వాలనీ, ఒక భాగం పూర్తయి తెరిచాకే తరువాతిది ముట్టుకోవాలనీ, ప్రతి కొట్టు ముందూ గోతి మీద గట్టి చెక్కల దారి వేయాలనీ టెండరు షరతుల్లోనే ఉండాలి.

చివరి బిల్లు చెల్లించే ముందు ఒక పెద్ద వాన చూడాలి. ఆ వానలో వర్తక సంఘంవారూ ఇంజనీరూ గొడుగులు వేసుకుని, అన్నిటికంటే పల్లపు గడప దగ్గర మొదలుపెట్టి వీధి చివరిదాకా నడవాలి. నీరు నిలిచిన చోటల్లా ఫొటో తీసి, తెరిపి ఇచ్చాక రంగుతో గుర్తు వేసి, ఆ జాబితాను అదే రోజు కమిషనరుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి.