పాత గిటార్ ఆంప్‌ల చరిత్ర రాసి పెట్టుకునే పద్ధతి

గిటార్ వాయించేవాళ్ల ఇంట్లో ఆంప్‌లు (గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్లు) ఒక్కొక్కటిగా పోగవుతాయి. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో అవి చేతులు మారే దారులు కూడా తెలిసినవే. చర్చిలో కొత్త సౌండ్ సిస్టమ్ పెట్టినప్పుడు అమ్మేసిన రోలాండ్, ఆర్కెస్ట్రా మానేసినాయన దగ్గర మిగిలిన స్ట్రేంజర్, ఎన్ఐటీ హాస్టల్ ఖాళీ చేస్తూ సీనియర్ ఇచ్చిపోయిన మార్షల్, అమెరికా నుంచి బావ తెచ్చిన ఫెండర్. వాటితో పాటు వచ్చిన ముచ్చట్లు పదేళ్లు తిరిగేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. స్పీకర్ అసలుదేనా, కండెన్సర్లు ఎప్పుడు మార్చారు, ఎన్ని వోల్టుల మీద నడవాలి అన్నది కాగితం మీద లేకపోతే మెకానిక్ ప్రతిసారీ మొదటి నుంచి వెతకాలి. అమ్మేటప్పుడు ధరా తగ్గుతుంది.

గట్టి అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకుని, ఒక్కో ఆంప్‌కు నాలుగు పేజీలు వదలండి. పేజీని మూడు కాలమ్‌లుగా గీయండి: చూసింది, విన్నది, అనుకుంటున్నది. ఈ మూడింటినీ ఎప్పుడూ కలపొద్దు. పద్ధతంతా దీని మీదే నిలబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద అచ్చయిన నంబరు మొదటి కాలమ్‌లోకి పోతుంది. "1970లో కొన్నాం" అన్న మాట రెండోదానిలోకి, చెప్పిందెవరో, ఏ తేదీన చెప్పారో సహా. రెండూ చూసి మీరు కట్టిన లెక్క మూడోదానిలోకి, పెన్సిల్‌తో.

ముందు ప్లగ్గు జోలికి పోవద్దు

వెనక ప్లేటు చదవండి. 120 వోల్టులు, 60 సైకిల్స్ అని ఉంటే అది అమెరికా సరుకు. మన 230 వోల్టుల సాకెట్లో నేరుగా పెడితే ఫ్యూజు పోతుంది. ఫ్యూజుకు ఎవరైనా రాగి తీగ చుట్టి ఉంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. అందుకే ఫ్యూజు బయటికి తీసి చూసి, దాని ఆంపియర్లు రాయండి. కొన్ని మార్షళ్లకు వెనకాల వోల్టేజ్ సెలెక్టర్ ఉంటుంది, అది ఎక్కడుందో ఫోటో తీయండి. 120 నుంచి 230కి మార్పించినదైతే ఫ్యూజు విలువ సగం కావాలి: 2 ఆంపియర్లు ఉన్నచోట 1, అదీ ఆలస్యంగా తెగే స్లో బ్లో రకం.

అమెరికా ఆంప్‌కు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు ప్లేటు మీది వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు తీసుకోండి. 180 వాట్లకు 300 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) సరిపోతుంది. అవుట్‌పుట్ 120 కంటే 115 ఉంటే మేలు, ఎందుకంటే 60 సైకిల్స్‌కు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 సైకిల్స్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. 115 దగ్గర వాల్వుల (గాజు ట్యూబుల) హీటర్‌కు 6.3 బదులు దాదాపు 6 వోల్టులు అందుతాయి, ఆ తేడాను అవి తట్టుకుంటాయి. హెయిర్ డ్రైయర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్లు దీనికి పనికిరావు.

పాత రెండు పిన్నుల తీగ ఉంటే తీయించి మూడు పిన్నులది వేయించి, ఆ తేదీ రాయండి. ఇంట్లో ఎర్త్ ఉందో లేదో కూడా చూడాలి. మీటరుతో ఫేజ్‌కూ ఎర్త్‌కూ నడుమ దాదాపు 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ నడుమ రెండు మూడు వోల్టుల లోపు రావాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రానికి తీగే ఉండకపోవచ్చు. ఎర్త్ లేని చోట ఒక చేత్తో గిటార్ తీగలు, ఇంకో చేత్తో మైకు పట్టుకుంటే షాక్ కొట్టేది ఇందుకే.

లోపలి అంకెలు

వాల్వ్ ఆంప్ తీగ పీకేసినా లోపల 300 నుంచి 450 వోల్టులు నిలిచి ఉండవచ్చు. చాసిస్ (లోపలి లోహపు చట్రం) బయటికి తీశాక మీటరు నల్ల తీగ చాసిస్‌కు, ఎర్ర తీగ పెద్ద కండెన్సర్ ప్లస్‌కు పెట్టండి. 30 వోల్టులు దాటి చూపిస్తే 10 కిలోఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌ను ప్లాస్టిక్ తొడుగున్న క్లిప్పులతో ఆ రెంటి నడుమ పది సెకన్లు తగిలించి, మళ్లీ కొలవండి. రెండో చెయ్యి జేబులో ఉండాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు చాలామందికి ఉంది, దానివల్ల కండెన్సర్ పాడవుతుంది, కంటికీ ప్రమాదం.

వాల్యూమ్ పాట్ (గుండీ వెనకుండే భాగం) వీపు మీద 1376532 అని ఉందనుకోండి. 137 అంటే తయారుచేసింది సీటీఎస్, 65 అంటే 1965, 32 అంటే ఆ సంవత్సరంలో 32వ వారం. ట్రాన్స్‌ఫార్మర్ మీద 606 ఉంటే షూమాకర్, స్పీకర్ మీద 220 ఉంటే జెన్సెన్, 465 ఉంటే ఆక్స్‌ఫర్డ్. వీటిలో చాలాసార్లు సంవత్సరానికి ఒక్క అంకే ఉంటుంది. 5 అంటే 1955, 1965, 1975లలో ఏదో ఆంప్ రూపం చూసి తేల్చాలి. 1960ల నాటి ఫెండర్ల వాల్వుల చార్టు మీద రెండక్షరాల ముద్ర ఉంటుంది: మొదటిది సంవత్సరం, రెండోది నెల. ఇంగ్లిష్ అక్షరం 'ఏ' అంటే 1951 అని లెక్క మొదలవుతుంది కాబట్టి ఓఎఫ్ అంటే 1965 జూన్. మార్షల్ సీరియల్ నంబర్లో కూడా 1992 దాకా ఏటికో అక్షరం ఉండేది, ఎన్ 1981, ఎస్ 1984. ఈమధ్య ట్రాన్సిస్టర్ ఆంప్‌లకైతే ఐసీ (చిప్) మీద నాలుగంకెలు వెతకండి, 0412 అంటే సాధారణంగా 2004లో 12వ వారం.

ఈ అంకెలన్నీ విడిభాగాల పుట్టిన తేదీలు. ఆంప్ తయారైంది వాటి తర్వాతే. మార్చని భాగాల్లో అన్నిటికంటే ఆలస్యపు తేదీని పట్టుకోండి. నాలుగు పాట్‌లు 1965వి, ఒక్కటి 1978ది అయితే ఆ ఒక్కటీ మార్చినదే, దాని సోల్డర్ మెరుపు కూడా పక్కవాటితో కలవదు. స్పీకర్ ఫ్రేమ్ మీది నంబరును మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. కోన్, కాయిల్ మార్పించినా ఫ్రేమ్ పాతదే ఉంటుంది. అంచు కాగితం రంగు, జిగురు తాజాదనం చూస్తే తెలిసిపోతుంది. తీగలు విప్పి ఓమ్స్ కొలిచి రాయండి: 8 ఓమ్ స్పీకర్ మీటరులో ఆరు, ఏడు చూపిస్తుంది.

మనుషుల్ని అడగడం

"ఎప్పుడు కొన్నారన్నా?" అని అడిగితే సరైన జవాబు రాదు. పక్కన ఏదైనా గుర్తు పెట్టి అడగండి: గోదావరి పుష్కరాలకు ముందా తర్వాతా? పుష్కరాలు 2003లో, 2015లో వచ్చాయి. తెలంగాణ వచ్చినంక కొన్నారా అంటే 2014 జూన్ గీత దొరుకుతుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి, సరిసంఖ్య ఏళ్లలో వస్తుంది కాబట్టి ఆ ఏడాదిని కూడా పట్టుకోవచ్చు. ఆ తర్వాత పెళ్లి ఆల్బములు, చర్చి వార్షికోత్సవం ఫోటోలు తెప్పించుకోండి. స్టేజీ మూలన కనిపించే ఆంప్ లోగో, ముందు గుడ్డ రంగు అప్పుడెలా ఉన్నాయో వాటిలో దొరుకుతాయి. కొన్ని ప్రింట్ల వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉంటాయి.

యజమాని 1970 అంటాడు, పాట్ 1976 అంటుంది. అప్పుడు వాదించవద్దు, కొట్టివేయవద్దు, రెండూ రాయండి. ఆయన తలచుకునేది అంతకుముందున్న ఇంకో ఆంప్ కావచ్చు, లేదా ఆ పాట్ తర్వాత వేసినది కావచ్చు. ఇట్లాంటి తేడాల దగ్గరే మంచి సమాచారం బయటపడుతుంది.

ఆన్ చేసి రాసేవి

ఏళ్లుగా పడి ఉన్న ఆంప్‌ను సీరీస్ బల్బు బోర్డు (ఆంప్‌కు వెళ్లే కరెంటు ఒక బల్బు గుండా పోయేలా కట్టినది) ద్వారానే ఆన్ చేయాలి. చిన్నవాటికి 60 వాట్లు, పెద్దవాటికి 100 వాట్ల ఫిలమెంట్ బల్బు. ఎల్ఈడీ పనిచేయదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే, అట్లే ప్రకాశంగా వెలుగుతుంటే లోపల షార్ట్ ఉన్నట్టు. స్పీకర్ తగిలించకుండా వాల్వ్ ఆంప్ ఆన్ చేయవద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

హమ్ (గుంయ్‌మనే శబ్దం) వస్తుంటే అది ఏ రకమో గిటార్‌తోనే పట్టుకోవచ్చు. ఆరో తీగ మూడో ఫ్రెట్ జీ నోటు 98 హెర్ట్జ్. హమ్ దాదాపు ఆ స్వరంలో ఉంటే అది 100 హెర్ట్జ్, ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయని అనుమానించాలి. అంతకు ఒక ఆక్టేవ్ కింద ఉంటే 50 హెర్ట్జ్, ఎర్త్ లూపు లేదా హీటర్ తీగల వైపు చూడాలి. ఏ స్వరమో, వాల్యూమ్ తిప్పితే పెరిగిందో లేదో పుస్తకంలో రాస్తే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

ఇరవై ఏళ్లు దాటిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు మార్పించడమే మంచిది. వోల్టేజ్ రేటింగ్ పాతదానికంటే తగ్గకూడదు. వరంగల్‌లో దొరకకపోతే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. తీసేసిన భాగాన్ని పారేయవద్దు. జిప్ కవర్లో వేసి, ఏ ఆంప్‌లో ఎక్కడిదో, ఎవరు తీశారో, తేదీ, ఖర్చు చిట్టీ మీద రాసి పెట్టండి. పాత బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఈఎల్84 వాల్వు దొరికినా ఇట్లాగే, దాని మీది ముద్రను వేళ్లతో రుద్దకుండా.

పుస్తకం పేజీల ఫోటోలు ఫోన్లో ఉంచుకోండి. ఇంకో ప్రతిని కవర్లో పెట్టి క్యాబినెట్ లోపల కింది మూలన, వాల్వులకూ స్పీకర్ కోన్‌కూ తగలకుండా అతికించండి. ఆంప్‌ను సజ్జ మీదా, రేకుల షెడ్డులోనూ పెట్టవద్దు, ఎండాకాలం వేడికి కండెన్సర్లు త్వరగా ఎండుతాయి. వానాకాలంలో నేలకు నాలుగు అంగుళాల ఎత్తున, గోడకు ఎడంగా పెట్టి, చెదలు పట్టాయేమో వెనక చూస్తుండాలి. పదిహేను రోజులకోసారి అరగంట ఆన్ చేసినప్పుడు ఆ తేదీ కూడా అదే పేజీలో రాయండి.