రీగన్ కాలపు పన్ను లెక్కలు – 4వ పాఠం: ‘రాబడి రెట్టింపైంది’ అన్నప్పుడు ఏం చూడాలి?

1981 చట్టంతో ఆదాయపు పన్ను రేట్లు మొత్తం ఎంత తగ్గాయన్న క్రితం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలావరకు 25 శాతం దగ్గరే ఆగిపోయాయి. కొత్త పాఠంలోకి వెళ్లేముందు దాన్ని సరిచేసుకుందాం. 1981 ఆగస్టు 13న అమెరికా అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన ఆ చట్టం వ్యక్తిగత ఆదాయపు పన్ను రేట్లను మూడు విడతల్లో కోసింది: 1981 అక్టోబరు 1న 5 శాతం, 1982 జులై 1న 10, 1983 జులై 1న ఇంకో 10. వీటిని కూడకూడదు. రెండో కోత, మొదటి కోత పోగా మిగిలిన రేటు మీద పడుతుంది. మూడోది ఆ మిగిలినదాని మీద. 0.95 × 0.90 × 0.90 = 0.7695. తగ్గింది 23 శాతం.

తేదీలను పట్టించుకోనివాళ్లు ఇంకో చోట తప్పారు. అక్టోబరులో మొదలైన కోత ఆ ఏడాదిలో పావువంతుకే వర్తిస్తుంది కాబట్టి 1981 మొత్తానికి తగ్గింది 1.25 శాతమే. 1982కు 10, 1983కు 19, పూర్తి 23 శాతం అందింది 1984లోనే. ‘పన్నులు తగ్గించారు, అందుకే మాంద్యం వచ్చింది’ అని రాసినవారు ఈ వరస మరోసారి చూడండి. మాంద్యం 1981 జులైలోనే మొదలైంది, అప్పటికి చట్టం మీద సంతకమే పడలేదు. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి వోల్కర్ నాయకత్వంలోని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లను 19 శాతం దాకా పోనిచ్చింది. మాంద్యానికి కారణం వెతకాల్సింది ముందు అక్కడ.

ఆదాయపు పన్నులో అత్యధిక రేటు 70 నుంచి 50 శాతానికి దిగడం గురించి ఎక్కువ చెప్పను. అది చివరి శ్లాబులో పడే ఆదాయానికే, మొత్తం ఆదాయానికి కాదు.

ఇక అసలు పాఠం. ‘1980ల్లో పన్నులు తగ్గించినా రాబడి రెట్టింపైంది’ అనే వాక్యం మీకు తప్పకుండా ఎదురవుతుంది. అంకెలు నిజమే: 1980లో ఫెడరల్ రాబడి 517.1 బిలియన్ డాలర్లు, 1990లో 1,032. అయినా ఆ వాక్యాన్ని అలాగే ఒప్పుకోకూడదు.

ముందు సంవత్సరాలు. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, ముగిసే ఏడాది పేరుతో నడుస్తుంది. 1981 ఆర్థిక సంవత్సరం 1980 అక్టోబరులోనే, రీగన్ ఎన్నికకు ముందే మొదలైంది. కొత్త రేట్లు దాన్ని దాదాపు తాకలేదు. కాబట్టి మొదలు 1981, చివర 1989 తీసుకోండి: 599.3 నుంచి 991.1కి. పెరుగుదల 65 శాతం. రెట్టింపు అప్పుడే పోయింది.

తర్వాత ధరలు. నన్ను అన్నిటికంటే విసిగించేది ఇదే. ధరల మాట ఎత్తకుండా డాలర్లను పోల్చిన లెక్కను నేను పక్కన పెట్టేస్తాను, మీరూ పెట్టండి. వినియోగదారుల ధరల సూచీ 1981లో 90.9, 1989లో 124.0. 991.1ని 90.9తో హెచ్చించి 124.0తో భాగిస్తే 726.5. అంటే 1981 ధరల్లో పెరుగుదల 21 శాతం. సూచీ జనవరి నుంచి డిసెంబరుకు, రాబడి అక్టోబరు నుంచి సెప్టెంబరుకు కదా అని కొందరికి సందేహం రావచ్చు. ఆ తేడా చిన్నది. చేత్తో వేసే లెక్కకు ఇది చాలు. ఈ కాలంలో జనాభా కూడా దాదాపు 7.5 శాతం పెరిగింది. తలసరి చూస్తే మిగిలేది 13 శాతం లోపే.

ఇప్పుడు ఆ 21 శాతాన్ని విడదీయాలి. కోత పడింది ఆదాయపు పన్ను మీద. ఆ ఒక్క పద్దు 285.9 నుంచి 445.7కి పెరిగింది, ధరలు తీసేస్తే 14 శాతం. సోషల్ సెక్యూరిటీ వంటి సామాజిక బీమా పన్నులు 182.7 నుంచి 359.4కి చేరాయి, ధరలు తీసేస్తే 44 శాతం. ఎందుకంటే జీతం మీద కోసే ఈ పన్ను రేటు ఉద్యోగి వాటా 6.65 నుంచి 7.51 శాతానికి, యజమాని వాటా కూడా అంతే, పెరిగింది. రేటు తగ్గించిన చోట పెరుగుదల తక్కువ, రేటు పెంచిన చోట ఎక్కువ. మొత్తం అంకెను మాత్రమే చూపేవారు ఈ తేడాను కప్పేస్తారు. పైగా 1982లో, 1984లో రీగనే పన్నులు పెంచే చట్టాల మీద సంతకాలు చేశారు. పెట్రోలు మీద ఫెడరల్ పన్నును గ్యాలనుకు 4 సెంట్ల నుంచి 9కి పెంచిన చట్టమూ ఆయనదే. ఆ పెంపులతో వచ్చిన డబ్బును కోతల ఖాతాలో రాయకూడదు.

పన్ను కోతలను తప్పుపట్టే ఎదుటి పక్షమూ తనకు నచ్చిన ఏడాదిని ఎంచుకుని ఇదే పని చేస్తుంది. 1983తో ఆపేస్తే రాబడి 600.6, 1981 ధరల్లో 548, అంటే 8.5 శాతం పతనం. అది నిరుద్యోగం 10.8 శాతాన్ని తాకి, అప్పుడప్పుడే దిగుతున్న ఏడాది. ఆ పతనమంతా పన్ను కోతదే అనడమూ తప్పే. మాంద్యం అడుగును చివరి ఏడాదిగా ఎంచుకున్న లెక్కనూ, మొదటి ఏడాదిగా ఎంచుకున్న లెక్కనూ ఒకే కన్నుతో చూడండి.

అభ్యాసం. రాబడి: 1982లో 617.8, 1984లో 666.4, 1985లో 734.0, 1987లో 854.3. సూచీ అదే వరసలో 96.5, 103.9, 107.6, 113.6. అన్నిటినీ 1981 ధరల్లోకి మార్చి, ఇచ్చిన ఏళ్లలో రాబడి 1981ని మొదట దాటినది ఏదో చెప్పండి. తర్వాత ఖర్చుకూ ఇదే చేయండి: 1981లో 678.2, 1989లో 1,143.7. రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టి, లోటు 79 బిలియన్ల నుంచి 152.6కి ఎలా పెరిగిందో అయిదు వాక్యాల్లో రాయండి. ఏ వాక్యంలోనూ సంవత్సరం లేని శాతం ఉండకూడదు.