యూరియేజ్ ఎంజైముతో నీళ్ళలో రాగి, పాదరసం జాడ పట్టడం

విశాఖ దగ్గర గాజువాక, పరవాడ వైపు బోరు నీళ్ళైనా, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ ఒడ్డున పట్టిన సీసా నీళ్ళైనా, తేటగా ఉన్నాయి కదా అని భార లోహాలు లేవనుకోకూడదు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) లీటరుకు పాదరసం 0.001 మి.గ్రా., కాడ్మియం 0.003, సీసం 0.01, రాగి 0.05 అని హద్దులు పెట్టింది. వేరే నీటి వనరు లేనిచోట రాగికి మాత్రం 1.5 వరకు సడలింపు ఉంది. ఇంత తక్కువ మోతాదుల్ని కన్ను గానీ నాలుక గానీ పట్టలేవు.

యూరియేజ్ యూరియాను విడగొడితే అమోనియా పుడుతుంది. దాంతో పీహెచ్ పెరిగి, ఫినాల్ రెడ్ అనే సూచక రంగు పసుపు నుంచి గులాబీకి తిరుగుతుంది. పాదరసం, వెండి, రాగి అయాన్లు ఎంజైములోని సల్ఫర్ సమూహాలకు అతుక్కుని దాని వేగం తగ్గిస్తాయి. రంగు ఎంత ఆలస్యమైందన్నదే ఇక్కడ కొలత.

మొదలుపెట్టే ముందే దీని హద్దు తెలిసి ఉండాలి. సీసం, కాడ్మియం మీద యూరియేజ్‌కు పట్టు చాలా తక్కువ. పాదరసాన్ని కూడా ఈ పద్ధతి 0.001 స్థాయిలో చూపదు. రంగు సకాలంలో మారిందంటే నీళ్ళు తాగొచ్చని అర్థం కాదు. పది బోర్లలో ముందు దేన్ని ల్యాబుకు పంపాలో తేల్చుకోడానికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

ఎంజైము

చెయ్యి తిరగడానికి సోయా గింజలు చాలు. పూర్ణా మార్కెట్లో కిరాణా కొట్లలో అడిగి పచ్చివే తీసుకోండి. వేయించినవి, మీల్ మేకర్ ఉండలు పనికిరావు, వేడికి ఎంజైము చచ్చిపోయి ఉంటుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పుతూ మెత్తగా పొడి చేసి, 1 గ్రాము పొడిని 20 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 15 నిమిషాలు కలపండి. గుడ్డలో వడకట్టి, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, పైన తేరిన ద్రవం తీసుకోండి. అది ఆ పూటకే.

అయితే సోయాలో ఉన్న ఫైటేట్, ఇతర ప్రొటీన్లు లోహాన్ని తామే పట్టేసుకుంటాయి. అంకెలు కావాలంటే ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట జాక్ బీన్ యూరియేజ్ పొడి కొనాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యమైనది పలుచన. ఎంజైము ఎక్కువైతే కొంత భాగం లోహానికి చిక్కినా మిగిలింది రంగు మార్చేస్తుంది, లోహం ఉన్నా తెలియదు. అందుకని డిస్టిల్డ్ వాటర్ గొట్టం 5, 6 నిమిషాల్లో గులాబీకి వచ్చేదాకా ఎంజైమును పలచన చేస్తూ పోండి. నిమిషంలోపే రంగు వచ్చేస్తుంటే ఆ ద్రావణం పరీక్షకు పనికిరాదు.

మిగతా ద్రావణాలు

యూరియా: 100 మి.లీ.కు 6 గ్రాములు, ల్యాబ్ రకం. ఎరువుల కొట్లో దొరికేదానికి వేపనూనె పూత ఉంటుంది, ద్రావణం మసకబారుతుంది. హెపీస్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచేది): 100 మి.లీ.కు 2.38 గ్రాములు, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 6.8కి తేవాలి. ఫాస్ఫేట్ బఫర్ వాడొద్దు, లోహాలను అవక్షేపంగా దింపేస్తుంది. ఈడీటీఏ డైసోడియం (లోహ అయాన్లను ఎంజైముకు అందకుండా కట్టేసేది): 100 మి.లీ.కు 3.72 గ్రాములు, పీహెచ్ 7. రాగి ప్రమాణ ద్రావణం: లీటరుకు 0.393 గ్రాముల కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్, అంటే లీటరుకు 100 మి.గ్రా. రాగి. ఫినాల్ రెడ్ 0.04 శాతం రెడీమేడ్‌గా దొరుకుతుంది. పాదరసపు లవణాలు ఇంట్లో ముట్టుకోవద్దు.

గాజు సామాను 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నాని, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఉండాలి. నమూనాను రాగి బిందెలోంచి, ఇత్తడి చెంబులోంచి పట్టారంటే ఆ పాత్ర రాగినే కొలుస్తారు.

నమూనా సిద్ధం చేయడం

ఎక్కువ మంది ఇక్కడే దెబ్బతింటారు. బోరు నీళ్ళలో బైకార్బనేట్ ఉంటుంది. అది పీహెచ్ పెరగకుండా అడ్డుకుంటుంది కాబట్టి లోహం లేకపోయినా రంగు ఆలస్యమవుతుంది. 200 మి.లీ. నీళ్ళలో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ 4.5కి దించండి. చేపల తొట్టి పంపుతో 15 నిమిషాలు గాలి కొట్టండి, తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌తో 6.8కి తెండి.

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్ళైతే క్లోరిన్ పోవాలి, అదీ ఎంజైమును దెబ్బతీస్తుంది. గాజు సీసాలో మూత తీసి రెండు మూడు గంటలు ఎండలో పెట్టి, క్లోరిన్ కిట్‌తో చూసుకోండి. థయోసల్ఫేట్ వేస్తే పని తొందరగా అవుతుంది గానీ అది పాదరసాన్నీ కట్టేస్తుంది.

పరీక్ష

సిద్ధమైన నమూనాను 50 మి.లీ. చొప్పున మూడు బీకర్లలో పోయండి. మొదటిది అలాగే ఉంచండి. రెండోదానిలో 1 మి.లీ. ఈడీటీఏ వేయండి. కాల్షియంతో కలిసి పీహెచ్ పడిపోతుంది గనుక మళ్ళీ 6.8కి సర్దాలి. మూడోదానిలో 0.5 మి.లీ. రాగి ద్రావణం వేస్తే లీటరుకు దాదాపు 1 మి.గ్రా. రాగి అదనంగా చేరుతుంది. నాలుగోది డిస్టిల్డ్ వాటర్.

ప్రతిదాన్లోంచి 4 మి.లీ. మూతగొట్టంలోకి తీసి, 0.1 మి.లీ. హెపీస్, 3 చుక్కల ఫినాల్ రెడ్, 0.4 మి.లీ. ఎంజైము కలపండి. 20 నిమిషాలు కదపకుండా ఉంచండి. లోహం ఎంజైమును పట్టుకునేది ఈ వ్యవధిలోనే. యూరియా ముందే పడితే అది ఎంజైముకు రక్షణగా నిలుస్తుంది. తర్వాత 0.5 మి.లీ. యూరియా వేసి, మూత పెట్టి, స్టాప్‌వాచ్ నొక్కండి. మూత లేకపోతే పక్క గొట్టం అమోనియా ఆవిరి దీని రంగునూ మార్చవచ్చు.

తెల్ల కాగితం ముందు పట్టుకుని చూస్తే నిమ్మపసుపు ముందు నారింజలోకి దిగుతుంది, ఆ తర్వాత ఎరుపు జీర వచ్చి గులాబీ అవుతుంది. ఎక్కడ ఆపాలో తేల్చుకోడానికి పీహెచ్ 7.8 బఫర్‌లో అంతే ఫినాల్ రెడ్ వేసిన గొట్టాన్ని పక్కన పెట్టుకోండి. గొట్టాలన్నీ 30 డిగ్రీల నీళ్ళ తొట్టిలో ఉండాలి. విశాఖ మే నెల ఉక్కపోతలో ఉదయం చేసిన డిస్టిల్డ్ వాటర్ బ్లాంక్‌కూ మధ్యాహ్నం చేసిన నమూనాకూ పోలిక కుదరదు.

లెక్క

నిరోధం శాతం = (1 − ఈడీటీఏ గొట్టం సమయం ÷ నమూనా గొట్టం సమయం) × 100. ఈడీటీఏ గొట్టానికి 5 నిమిషాలు, నమూనాకు 10 నిమిషాలు పడితే నిరోధం 50 శాతం. ఒక్కోటి మూడేసి గొట్టాలు చేయండి. 10 శాతం లోపు తేడాను పట్టించుకోవద్దు, 20 దాటితే ల్యాబుకు పంపండి.

ఈడీటీఏ గొట్టం కూడా డిస్టిల్డ్ కంటే బాగా వెనకబడిందంటే క్లోరిన్ మిగిలిందో, బైకార్బనేట్ పోలేదో, పాదరసమో అయి ఉంటుంది. పాదరసానికి ఈడీటీఏ పట్టు చాలదు. సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లమైన, తటస్థం చేసిన సిస్టీన్‌తో, లీటరుకు 1 మిల్లీమోల్ అయ్యేట్టు, ఇంకో గొట్టం చేయండి. వేగం తిరిగొస్తే పాదరసాన్ని అనుమానించండి. సిస్టీన్ క్లోరిన్‌నూ చంపేస్తుంది కాబట్టి క్లోరిన్ లేదని ముందే తేల్చుకోవాలి.

రాగి కలిపిన గొట్టం కూడా నమూనాతో సమానంగా పరిగెడితే ఆ నీళ్ళలో ఏదో లోహాన్ని కట్టేస్తోంది, ఆ పరీక్ష చెల్లదు. తీరం పక్క ఉప్పెక్కిన బోర్లలో ఇంకో చిక్కుంది. క్లోరైడ్ పాదరసంతో జట్టుకట్టి దాని దెబ్బను తగ్గిస్తుంది. రాగి గొట్టం దాన్ని సరిగా చూపకపోవచ్చు గనుక ఉప్పు నీళ్ళను నేరుగా ల్యాబుకే పంపడం మంచిది.

ల్యాబుకు పంపే సీసా వేరు. ఆమ్లంతో కడిగినదై ఉండాలి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే కిందికి దించాలి, లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుపోతుంది. పాదరసం కొలవాలంటే గాజు సీసా ఇచ్చి ఆ సంగతి ముందే చెప్పండి. సీసం కోసమైతే రాత్రంతా కుళాయిలో నిలిచిన తొలి నీళ్ళను విడిగా పట్టండి. వాడిన రాగి, ఈడీటీఏ ద్రావణాలను సింకులో పారబోయకుండా డబ్బాలో పోసి, చీటీ అంటించి, రసాయన వ్యర్థాలు తీసుకునే ల్యాబుకు అప్పగించండి.