తల్లి పీతల్లో గుడ్డు పక్వానికి మేత

మండపీత ఆడవాటిలో అండాశయం నిండాలంటే చేప ముక్కలొక్కటే చాలవు. స్క్విడ్, ఆల్చిప్ప మాంసం, సముద్రపు పురుగులు మార్చి మార్చి పెట్టండి. తడి మేత రోజుకు శరీర బరువులో సుమారు 10 శాతం, ఎక్కువ భాగం సాయంత్రమే. పీత కొలెస్టరాల్‌ను సొంతంగా తయారు చేసుకోలేదు, మేతలోనే అందాలి. తయారీ మేతలో చేపనూనె, విటమిన్ ఇ కలపాలి. ముక్కిపోయిన నూనె వాడితే ఆ విటమిన్ కాస్తా వృథా.

మిగిలిన మేత పొద్దున్నే తీసేయండి. కుళ్లితే అమ్మోనియా పెరిగి పీత తినడం మానేస్తుంది.

పైపెంకు, పొట్టమడత (పొట్ట కింద మడిచి ఉండే రేకు) కలిసేచోట మెల్లగా నొక్కి చూడండి. లోపల అండాశయం నారింజ రంగులో కనిపిస్తే పక్వమైనట్టే. అప్పటికే తొట్టి అడుగున ఇసుక పరిచి ఉండాలి (చాలామంది మరిచేది ఇదే), లేకపోతే గుడ్లు పొట్టకు సరిగా అంటుకోక రాలిపోతాయి.