బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడితే ముందు పైపు చూడండి

పాత కారులో బ్రేకు గట్టిపడగానే అందరూ అనే మాట, బూస్టర్ (ఇంజిన్ పీల్పుతో పెడల్‌కు బలం కలిపే డబ్బా) పోయింది అని. వేలు పోసి కొత్తది బిగించాక కూడా పెడల్ మారలేదని నా షెడ్డుకు వచ్చిన బండ్లు లెక్కలేనన్ని. అర నిమిషం పరీక్ష ఒక్కటి చేసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కండి. గట్టిపడ్డాక కాలు తీయకుండా ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. దిగకపోతే బూస్టర్ దగ్గర వాక్యూమ్ పైపు, అంటే ఇంజిన్ పీల్పును బూస్టర్‌కు చేర్చే పైపు, ఊడదీసి, ఇంజిన్ నడుస్తుండగా చివర బొటనవేలు ఆనించండి. వేలిని గట్టిగా పీల్చుకోవాలి, లేకపోతే పైపు చూడండి. పీల్చుకుంటున్నా పెడల్ దిగకపోతే, అప్పుడే బూస్టర్‌ను అనుమానించండి.

ఇక నన్ను బాగా ఏడిపించిన సంగతి. ఒక పాత పెట్రోలు కారు ఎండాకాలంలో మూడుసార్లు వచ్చింది. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం మెహదీపట్నం ట్రాఫిక్‌లో అరగంట నిలిస్తే పెడల్ బిగుసుకుంటుంది. రెండుసార్లు చల్లని ఇంజిన్‌తో చూసి, బాగుందని పంపేశాను. అది నా తప్పు. మూడోసారి వేడి తగ్గకముందే పైపు చివర వేలు పెట్టాను, పీల్పు దాదాపు లేదు. పైపు ఊడదీసి బ్లేడుతో నిలువునా చీల్చాను. పైన ఒక్క పగులు లేదు. లోపలి రబ్బరు పొర మాత్రం ఊడి నాలుకలా వేలాడుతోంది. చల్లగా ఉన్నప్పుడు బిరుసుగా గోడకు అంటి ఉండేది, వేడికి మెత్తబడి దారికి అడ్డం పడేది. అందుకే ఈ పరీక్షలన్నీ ఇంజిన్ బాగా వేడెక్కాక మరోసారి చేయాలి.

సికింద్రాబాద్ రాణిగంజ్ విడిభాగాల బజారులో కొనేటప్పుడు బ్రేకు వాక్యూమ్ పైపు అనే అడగండి. పెట్రోలు పైపు ముక్కో, నీళ్ల పైపో వేస్తే పీల్పుకు లోపలికి నొక్కుకుపోతుంది. పైపులోని వన్‌వే వాల్వును నోటితో ఊది చూడండి. బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజిన్ వైపు నుంచి పోకూడదు.

డీజిల్ బండి అయితే పీల్పు పుట్టించే వాక్యూమ్ పంపును కూడా చూడాలి, చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. తొక్కి ఉంచితే పెడల్ మెల్లగా నేలకు దిగిపోతుంటే అది మాస్టర్ సిలిండర్ (బ్రేకు ఆయిల్‌ను చక్రాల వైపు తోసేది) పని, ఆ బండిని రోడ్డెక్కించవద్దు. పుష్‌రాడ్ (బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను తోసే కడ్డీ) కొలత తేడా చాలా అరుదు, బూస్టర్ ఈమధ్యే మార్చి ఉంటే తప్ప దాని జోలికి పోనక్కరలేదు.