చిన్న కెమెరా ఎంపిక – 4వ పాఠం: వ్యూఫైండర్ కావాలంటే దేన్ని వదులుకోవాలి

గత పాఠంలో సెన్సర్ (వెలుగును పట్టి బొమ్మగా మార్చే పలక) విస్తీర్ణాన్నీ, లెన్సు అపర్చర్‌నూ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రాన్నీ) లెక్కగట్టి చూశాం. ఈసారి వాటి సరసన వ్యూఫైండర్‌ను, అంటే కన్ను ఆనించి ఎదుటి దృశ్యాన్ని చూసే చిన్న కిటికీని చేర్చి, మూడింటినీ కలిపి తూచడం నేర్చుకుందాం. జేబులో పట్టే కెమెరాలో ఉన్న కాస్త చోటునే ఈ మూడూ పంచుకోవాలి కనుక, ఒకదానికి ఎక్కువ ఇస్తే మరొకదానికి తగ్గించక తప్పదు.

వ్యూఫైండర్ అవసరం ఎంతటిదో కడప జిల్లా వాసులకు గండికోటే చెబుతుంది. ఏప్రిల్‌లో పదకొండు గంటలకు లోయ అంచున బండమీద నిలబడి, కింద మలుపు తిరిగే పెన్నాను తీయబోతే, కెమెరా వెనుక తెరలో కనిపించేది మన ముఖమూ, మన చొక్కా రంగూ మాత్రమే. తెర తప్ప మరేమీ లేని కెమెరాతో ఒకసారి అక్కడికి వెళ్లి, అంచనా మీద నలభై దాకా బొమ్మలు తీశాను. ఇంటికి వచ్చి చూసుకుంటే చాలావాటిలో అవతలి గట్టు పైఅంచు తెగిపోయింది, కొన్నింటిలో గట్టు ఒక పక్కకు ఒరిగింది. ఆ రోజు ఎండకు పడ్డ శ్రమంతా వృథా అయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఎండ ఒక్కటే కారణం కాదు. చేతులు ముందుకు చాచి పట్టుకున్న కెమెరా కన్నా, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, కనుబొమకు అదిమి పట్టుకున్న కెమెరా చాలా తక్కువ కదులుతుంది. పైగా నలభై అయిదు దాటి, దగ్గరి చూపు మందగించినవారు తెరను చూడాలంటే ప్రతిసారీ చదివే అద్దాలు తీసి పెట్టుకోవాలి. వ్యూఫైండర్ పక్కన ఉండే డయాప్టర్ చక్రాన్ని తమ కంటికి తగినట్టు ఒకసారి తిప్పి పెట్టుకుంటే, అద్దాలు లేకుండానే బొమ్మా అంకెలూ స్పష్టంగా కనిపిస్తాయి. కెమెరా కొనేటప్పుడు ఈ చివరి సంగతిని చాలామంది ఆలోచించరు కానీ, నా దృష్టిలో దాని విలువ తక్కువది కాదు.

ఇక రకాల విషయానికి వద్దాం. పాతది ఆప్టికల్ రకం. 2010లో వచ్చిన కానన్ జీ12, 2011లో వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్10 లాంటివాటిలో లెన్సుకు పైన విడిగా ఒక చిన్న గాజు సొరంగం ఉంటుంది. జూమ్ చేస్తే అదీ జూమ్ అవుతుంది. ఇది బ్యాటరీని వాడదు, క్షణమైనా ఆలస్యం లేకుండా ఎదుటి దృశ్యాన్ని చూపుతుంది, తెరను ఆపేసి రోజంతా తీయవచ్చు. అయితే అది చూపేదీ, లెన్సు తీసేదీ ఒకటి కాదు. ఎక్స్10లో కనిపించేది అసలు చిత్రంలో సుమారు 85 శాతమే.

ఈ తేడాను చదివి ఊరుకోక, చేసి చూడండి. మన ఇళ్లలో నాపరాయి పరుపు ఉంటుంది కనుక, ఆ బండల అతుకులే మనకు గీతలు గీసిన కాగితంలా పనికివస్తాయి. ఒక బండ మధ్యలో రూపాయి నాణెం పెట్టి, అర మీటరు ఎత్తు నుంచి, నాణెం ఆప్టికల్ వ్యూఫైండర్‌కు సరిగ్గా నడుమ ఉండేటట్టు చూసి తీయండి. వ్యూఫైండర్ లెన్సుకు పైన ఉండటంవల్ల, బొమ్మలో నాణెం నడుమ నుంచి పైకి జరిగి ఉంటుంది. ఇప్పుడు నిలబడి, అతుకులు వ్యూఫైండర్ అంచులకు ఆనేటట్టు చూసి మరొకటి తీయండి; మీరు చూడని బండలు నాలుగు పక్కలా ఎంతమేర వచ్చాయో లెక్కపెట్టుకోవచ్చు. జూమ్‌ను పూర్తిగా వెడల్పుకు తెచ్చినప్పుడు కింది మూల నల్లగా మూసుకుపోతే కంగారు పడవద్దు, అది లెన్సు గొట్టం అడ్డురావడమే.

రెండవది ఎలక్ట్రానిక్ రకం. సెన్సర్ మీద పడిన బొమ్మనే చిన్న తెర మీద చూపుతుంది కనుక అంచులు తప్పవు, వెలుగు ఎక్కువైందో తక్కువైందో తీయకముందే తెలుస్తుంది, తీసినదాన్ని మండుటెండలోనూ కంటికి ఆనించి సరిచూసుకోవచ్చు. బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది. మరొకటి వెంట ఉంచుకోవాలి. 2014లో వచ్చిన పానాసోనిక్ ఎల్ఎక్స్100లో ఈ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను ఒకదాని వెంట ఒకటిగా వేగంగా చూపుతుంది. చూపు చటుక్కున తిప్పినప్పుడు కొందరి కంటికి ఆ రంగులు విడివిడిగా చీలి కనిపిస్తాయి. అందరికీ అలా జరగదు కనుక, దుకాణంలో మీ కన్నే పెట్టి చూడాలి. అదే ఏడాది వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 మూడవ నమూనాలో వ్యూఫైండర్ లోపల దాగి ఉంటుంది. మీట జరిపితే పైకి లేస్తుంది, ఆ తరువాత కంటివైపు గాజును వేలితో వెనక్కి లాగాలి. 2018లో వచ్చిన ఆరవ నమూనాలో ఈ రెండవ పని తప్పింది. పైకి లేచిన పక్షిని తీయాలనుకునేవారికి ఆ ఒక్క క్షణమే ముఖ్యం.

ఇప్పుడు అసలు తూకం. గండికోటలోనే ఎండలోంచి ధాన్యాగారం లోపలికి అడుగుపెట్టండి. అక్కడి మసక వెలుగులో తెర ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది, వ్యూఫైండర్ లేని లోటే తెలియదు. అప్పుడు కావలసింది పెద్ద సెన్సర్, వెడల్పైన అపర్చర్. పైన చెప్పిన మూడవ నమూనా లెన్సు 24 మిల్లీమీటర్ల దగ్గర, అంటే జూమ్‌ను పూర్తిగా వెడల్పుకు తెచ్చినప్పుడు, ఎఫ్ 1.8 వరకూ తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం వెడల్పవుతుంది). 200 మిల్లీమీటర్ల దాకా సాగే ఆరవ నమూనా అదే చోట ఎఫ్ 2.8 దగ్గర ఆగుతుంది. మొదటిదానికి వెలుగు పడే సమయం సెకనులో 60వ వంతు చాలిన చోట, అదే ఐఎస్ఓలో (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిలో) రెండవదానికి 25వ వంతు కావాలి. నిలబడిన స్తంభానికి అది చాలు, నడిచే మనిషి మాత్రం చెదిరిపోతాడు. లోయ అంచుకు తిరిగి వెళ్తే లెక్క తలకిందులవుతుంది: అవతలి గట్టు పగుళ్లను దగ్గరకు తెచ్చేది ఆ పొడవైన జూమే, వెలుగుకు అక్కడ కొదవ లేదు.

అంటే వ్యూఫైండర్ ఎక్కువగా అక్కరకొచ్చే వేళా, పెద్ద సెన్సర్ అక్కరకొచ్చే వేళా ఒకటి కావు. రెండూ కావాలంటే ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 శ్రేణి ఉంది. అందులో ఆప్టికల్, ఎలక్ట్రానిక్ చూపులు రెండింటినీ ముందున్న చిన్న మీటతో మార్చుకోవచ్చు, సెన్సర్ విస్తీర్ణం పైన చెప్పిన సోనీ నమూనాల్లోని ‘ఒక అంగుళపు’ సెన్సర్‌కు మూడింతలకు పైమాటే. కానీ జూమ్ ఉండదు, చొక్కా జేబులో పట్టదు. రికో జీఆర్ మూడు అంతే పెద్ద సెన్సర్‌ను 257 గ్రాములలో అమర్చింది. అందుకోసం వ్యూఫైండర్‌నూ, జూమ్‌నూ రెండింటినీ వదిలేసింది. పగలు ఆరుబయట తీసేవారికి చిన్న సెన్సరైనా సరే, ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ ఉన్నదాన్నే తీసుకోమంటాను. సాయంత్రపు బజారునూ, ఇంట్లో పిల్లలనూ తీసేవారికి ఆ మాట చెప్పను.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. మీ ఫోనులో ఆఖరుగా తీసిన 50 బొమ్మలను తెరిచి, ప్రతిదాని వేళనూ ఫోనే నమోదు చేసి ఉంటుంది కనుక, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు లోపు ఆరుబయట తీసినవి ఎన్నో, మిగిలినవి ఎన్నో రెండు వరుసల్లో రాసుకోండి. వాటిలో జూమ్ చేసి తీసినవాటి పక్కన చుక్క పెట్టండి. కళ్లజోడు పెట్టుకునేవారు, వ్యూఫైండర్ నాలుగు మూలలూ కళ్లజోడుతోనే కనిపిస్తున్నాయా లేదా అన్నది దుకాణంలో పరీక్షించి, ఆ కాగితం కిందే రాసి ఉంచండి.